కుర్చీలు తీసేసిన హోటల్

మా నాయినకు డెబ్బై ఏడేళ్లు. గత నెలలో కంటి పరీక్ష కోసం ఆయనను ఊరి నుంచి హైదరాబాదుకు తీసుకువచ్చాను. ఆసుపత్రిలో పని ముగిసేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. కళ్లలో వేసిన చుక్కల మందు వల్ల వెలుతురు చూడలేక, నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని మెల్లగా నడుస్తున్న ఆయన, ఆటో ఎక్కేముందు ఎక్కడైనా కూర్చుని చాయ్ తాగుదామన్నాడు. దగ్గరలోనే రెండు వీధులు కలిసే మూల మీద ఒక ఇరానీ హోటల్ ఉందని నాకు తెలుసు. 1990ల మధ్యలో చిక్కడపల్లిలో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుకునే రోజుల్లో నేనూ నా మిత్రులూ ఎన్నో సాయంత్రాలు అక్కడ గడిపాం. నాయిన చేయి పట్టుకుని అక్కడికే నడిపించాను.

హోటల్ ఉంది, బోర్డు మీద పేరు కూడా అదే ఉంది. లోపల మాత్రం పాలరాతి పలకల బల్లలు లేవు, నల్లబడిన చెక్క కుర్చీలు లేవు. హాలుకు అడ్డంగా గోడ కట్టి పెద్ద భాగాన్ని సెల్‌ఫోన్ల దుకాణానికి ఇచ్చారు. మిగిలిన ఇరుకు భాగంలో రోడ్డుకు ఎదురుగా ఒక కౌంటర్ పెట్టి, దాని మీద కాగితపు కప్పుల దొంతరలు పేర్చారు. కూర్చునే చోటు ఎక్కడని అడిగితే కౌంటర్ వెనక నిలబడిన పెద్దమనిషి, "కుర్సియాఁ నికాల్ దియే సాబ్" (కుర్చీలు తీసేశాం సార్) అని తల దించుకుని చెప్పాడు. మా నాయిన ఒక చేత్తో కప్పు పట్టుకుని, రెండో చేయి కరెంటు స్తంభానికి ఆనించి తాగాడు. సగం తాగి మిగతాది పారబోశాడు. చాయ్ బాగానే ఉంది, ఆయనకు అంతసేపు నిలబడే ఓపిక లేదు.

ఆ రోజు నుంచి ఈ విషయం గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. హైదరాబాదులో ఇరానీ హోటళ్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయని ఏటా ఏదో ఒక పత్రికలో చదువుతూనే ఉంటాం. ఆ కథనాల్లో చెప్పే కారణాలు కూడా దాదాపు ఒకటే: కొత్త తరం అభిరుచులు మారాయి, కాఫీ షాపులు వచ్చాయి, వారసులు విదేశాలకు వెళ్లిపోయారు. వీటిలో నిజం లేకపోలేదు. కానీ అసలు తగ్గిపోయింది ఏమిటో సరిగా చూడకుండా చెప్పిన కారణాలివి అని నాకు అనిపిస్తున్నది.

చాయ్ ఎక్కడికీ పోలేదు

ఇరానీ చాయ్‌కి ఇప్పుడున్నంత పేరు మునుపెన్నడూ లేదు. చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్ ముందు తెల్లవారకముందే జనం గుమిగూడి ఉంటారు. లక్డీకాపూల్ దగ్గర 1978లో మొదలైన కేఫ్ నిలోఫర్ బంజారాహిల్స్, హైటెక్ సిటీల దాకా పెద్ద పెద్ద శాఖలుగా విస్తరించింది. ఉస్మానియా బిస్కెట్లు అందమైన డబ్బాల్లో విమానమెక్కి అమెరికాలోని బంధువుల ఇళ్లకు చేరుతున్నాయి. ఊళ్లలో కూడా ఇరానీ చాయ్ అని బోర్డు పెట్టుకున్న చిన్న దుకాణాలు హైవేల పొడవునా కనిపిస్తాయి. సరుకుకు ఇంత గిరాకీ ఉన్నప్పుడు ఆ సరుకుకు పేరు తెచ్చిన హోటళ్లు ఎందుకు మూతపడాలి?

ఆ హోటల్ అమ్మినది చాయ్ ఒక్కటే కాకపోవడమే దీనికి జవాబని నా నమ్మకం. ఒక చాయ్ ధరకు అది కూర్చునే చోటును, సమయాన్ని అమ్మింది. 1990ల మధ్యలో రెండు మూడు రూపాయలు పెట్టి చాయ్ తీసుకున్న మమ్మల్ని గంటన్నర కూర్చున్నా లేవమని ఎవరూ అనలేదు. ఒక చాయ్‌ని ఇద్దరం పంచుకున్నా మొహం చిట్లించలేదు. ఒకే దినపత్రికను విడదీసి, పేజీ ఒకరి చొప్పున నాలుగు బల్లల వాళ్లు చదివేవారు. పక్క బల్ల మీద ఉర్దూ సియాసత్, మా బల్ల మీద ఈనాడు. లేచి వెళ్లేటప్పుడు సర్వర్ మన వెనక నుంచి గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానికి వినబడేలా ఎంత అయిందో కేకేసి చెప్పేవాడు. కాగితం మీద బిల్లు ఉండేది కాదు. ఇప్పుడు చాయ్ మిగిలింది, కూర్చోవడం పోయింది. హోటల్ పరిశ్రమ క్షీణత అని మనం చెప్పుకుంటున్నది నిజానికి ఈ కూర్చునే హక్కు క్షీణత.

బతికి బాగుపడిన హోటళ్ల కథ కూడా దీన్నే చెబుతుంది. 1953లో సికింద్రాబాదులో ఒక సినిమా థియేటర్‌ను ఆనుకుని చిన్న కేఫ్‌గా మొదలైన ప్యారడైజ్, బిర్యానీ పేరుతో అనేక నగరాలకు విస్తరించిన సంస్థగా ఎదిగింది. అది వారి శ్రమ, వారి తెలివి, అందులో తప్పు పట్టవలసింది లేదు. బిర్యానీ వైపు మళ్లిన హోటళ్లలో కుర్చీలు ఉన్నాయి, మునుపటికంటే మెత్తనివి కూడా. అయితే ఆ కుర్చీ భోజనం చేసేవారిది. చాయ్ కావాలంటే చాలాచోట్ల బయట వేరే కౌంటర్ చూపిస్తారు.

కుర్చీ లెక్క

పాత మిత్రుడి ద్వారా పరిచయమైన ఒక ఇరానీ హోటల్ యజమానితో ఇటీవల ఒక మధ్యాహ్నం మాట్లాడాను. ఆయన తాత ఇరాన్‌లోని యజ్ద్ ప్రాంతం నుంచి ముంబయి మీదుగా ఇక్కడికి వచ్చారు. ఆయన నాకు ఒక కాగితం మీద లెక్క వేసి చూపించారు. నలభై కుర్చీల హాలు అనుకుందాం. ఒక్కొక్కరు సగటున నలభై నిమిషాలు కూర్చుంటే, పన్నెండు గంటల్లో ఒక కుర్చీ మీద పద్దెనిమిది మంది కూర్చుంటారు. అన్ని కుర్చీలూ రోజంతా నిండి ఉన్నా అమ్ముడయ్యేవి 720 కప్పులు, అంటే 20 రూపాయల చొప్పున 14,400 రూపాయలు. అన్ని కుర్చీలూ రోజంతా నిండవు కాబట్టి అందులో సగమే చేతికి వస్తుంది. దానిలోంచే పాలు, చాయ్ పత్తి, చక్కెర, గ్యాస్, కరెంటు, ఎనిమిది మంది జీతాలు, అద్దె. అదే హాలులో కుర్చీలు తీసేసి రోడ్డు మీదికి కౌంటర్ పెడితే నిమిషానికి మూడు కప్పులు పోతాయి. సగం సమయం ఖాళీగా ఉన్నా రోజుకు వెయ్యికి పైగా కప్పులు, ఇద్దరు ముగ్గురు పనివాళ్లు చాలు, మిగిలిన స్థలాన్ని ఇంకొకరికి అద్దెకు ఇవ్వవచ్చు. లెక్క ముగించి ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. "కుర్చీలు తీయకుండా ఎన్నాళ్లు ఆగగలనో చెప్పండి" అన్నారు.

ఆయన ఇంకా కుర్చీలు తీయలేదు. ఆ భవనం సొంతం కావడమే అందుకు కారణమని ఆయనే చెప్పారు. అద్దె భవనాల్లో ఉన్నవారి పరిస్థితి వేరు. ఇరానీలు ఈ నగరానికి వచ్చిన కాలంలో మూల మీద ఉన్న గదులు అచ్చిరావని ఇక్కడి వ్యాపారులు వదిలేస్తే, ఆ పట్టింపు లేని వీరు తక్కువ అద్దెకు తీసుకున్నారని ఒక మాట ప్రచారంలో ఉంది. ఆ మాట నిజమైనా కాకపోయినా, రెండు వీధుల వైపు తలుపులున్న ఆ మూల స్థలాలే ఇప్పుడు నగరంలో అందరికంటే ముందు నగల దుకాణాలూ బ్యాంకులూ సెల్‌ఫోన్ కంపెనీలూ కోరుకునే స్థలాలు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం నీడలో కొన్నేళ్లు నిలిచిన పాత అద్దెలు, యజమాని చనిపోయి భవనం నలుగురు వారసుల చేతికి వచ్చిన రోజున నిలవడం కష్టం. భవనాన్ని కూల్చి కట్టించుకుందామని ఒప్పందం కుదిరితే హోటల్ ఖాళీ చేయక తప్పదు. మరికొన్నిచోట్ల రోడ్డు విస్తరణ హాలులో ముందరి సగాన్ని కోసుకుపోయింది.

దీనికి తోడు ఖర్చులు. 2022లో 19 కిలోల వాణిజ్య సిలిండర్ ధర రెండు వేల రూపాయలు దాటింది. ఆ ఏడాదే చాలా హోటళ్లు కప్పు ధరను 15 నుంచి 20 రూపాయలకు పెంచాయి. ఇరానీ చాయ్ గ్యాస్ ఎక్కువగా తాగే వస్తువు, ఎందుకంటే డికాక్షన్ ఒక పాత్రలో, పాలు మరో పాత్రలో గంటల తరబడి మరుగుతూనే ఉండాలి. జీఎస్టీ విషయంలో 2017 నవంబరు నుంచి రెస్టారెంట్లకు 5 శాతమే అన్నది వినడానికి బాగుంటుంది. కానీ దాంతోపాటు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) తీసేశారు కాబట్టి గ్యాస్ మీదా అద్దె మీదా కట్టిన 18 శాతం హోటల్ మీదే పడుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక జూన్ 8 దాకా ఎవరినీ కూర్చోబెట్టే వీలు లేకపోయింది. పార్సిల్ ఒక్కటే మిగిలిన ఆ రోజుల్లో లోపలికి వచ్చిన కాగితపు కప్పు, ఆంక్షలు ఎత్తేశాక కూడా బయటికి పోలేదు. కుర్చీలు లేకుండా నడపవచ్చని చాలామంది యజమానులు తెలుసుకున్నది అప్పుడే.

నగరం కూడా జరిగిపోయింది. 1998లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ మొదలైనప్పటి నుంచి ఉద్యోగాలు పడమటికి నడిచాయి. ఆబిడ్స్, సికింద్రాబాద్, నాంపల్లిలో ఆఫీసు వదిలిన గుమాస్తాలూ, మ్యాట్నీ ముగిసి బయటికి వచ్చిన ప్రేక్షకులూ నింపిన కుర్చీలవి. సంగీత్, జమ్రూద్ లాంటి థియేటర్లు పోయాక ఆ ప్రేక్షకులూ పోయారు. పడమటి వైపు కొత్త నగరంలో రోడ్డుకు ఆనుకుని రెండు తలుపుల హాలు దొరకడమే అరుదు.

ఇక్కడ ఒక అనుమానాన్ని దాచకూడదు. నేను చెబుతున్న లెక్క అంతా యజమాని వైపు నుంచి. కూర్చునేవారి వైపు నుంచి చూస్తే, వారికే అవసరం తగ్గిందేమో. మేము ఆ రోజుల్లో హోటల్లో గంటలు కూర్చున్నది కొంతవరకు వేరే దారి లేక. మా గదిలో ఫోను లేదు. ఎవరినైనా కలవాలంటే ఒక చోటు, ఒక వేళ ముందే అనుకుని వచ్చి ఎదురుచూడాలి. జేబులో ఫోను ఉన్నవాడికి ఆ ఎదురుచూపు అక్కరలేదు. 2008లో బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం నిషేధించాక, సిగరెట్ కోసం చాయ్, చాయ్ కోసం కుర్చీ పట్టుకునే ఒక వర్గం కూడా బయట రోడ్డు మీదికి వెళ్లిపోయింది (ఆ నిషేధం మంచిదే). వీటిని కాదనలేను. అయినా సాయంత్రం పూట ఏ చాయ్ కౌంటర్ దగ్గర చూసినా, మోటార్‌ సైకిళ్ల సీట్ల మీద, మెట్ల మీద, మురుగుకాలువ అరుగు మీద జనం కూర్చునే ఉంటారు. అవసరం పోలేదని చెప్పడానికి నాకు ఆ దృశ్యం చాలు.

ఒకే కప్పు

మా నాయిన ఆ చాయ్ సగంలో పారబోసిన రోజు సాయంత్రం, ఇంట్లో కూర్చున్నప్పుడు, తాను మొదటిసారి ఇరానీ హోటల్లోకి వెళ్లిన సంగతి చెప్పాడు. నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. 1971లో ఆయన నల్లగొండ జిల్లాలోని మా ఊరి నుంచి హైదరాబాదులోని ఉస్మాన్‌గంజ్ మార్కెట్‌కు హమాలీ పనికి వచ్చాడు. మా ఊరి చాయ్ హోటల్లో మా వాడవాళ్ల గ్లాసులు వేరు. అవి బయట గోడకు ఉన్న గూట్లో ఉండేవి. తీసుకుని, దూరం నుంచి పోయించుకుని, చూరు కింద గొంతుక్కూర్చుని తాగి, కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. బస్తాలు మోసి వచ్చిన మొదటి రోజు మేస్త్రీ వెంట ఆయన హోటల్లోకి వెళ్లి, అలవాటు కొద్దీ తలుపు దగ్గరే నిలబడ్డాడట. సర్వర్ వచ్చి భుజం మీద చేయి వేసి బల్ల దగ్గర కూర్చోబెట్టాడట. ఎదురుగా తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన పత్రిక చదువుతూ తల కూడా ఎత్తలేదట. ఇద్దరి ముందూ ఒకే రకం కప్పులు పెట్టారు. "నాది ఎక్కడ కడగాలని అడిగిన. వాడు నవ్విండు" అన్నాడు నాయిన.

ఆ యజమానులను సంఘసంస్కర్తలుగా చూపించే ఉద్దేశం నాకు లేదు. పరాయి దేశం నుంచి వచ్చిన వారికి మన కులాల గొడవ పట్టలేదు, వచ్చిన ప్రతి మనిషీ వారికి గిరాకీయే. కడిగే పని వేరేవాడిది కాబట్టి కప్పు ఎవరు తాగినదన్న ప్రశ్న అక్కడ రాలేదు. పట్టింపు ఉన్నవారు ఆ గడప తొక్కకుండా బ్రాహ్మణ హోటళ్లకు వెళ్లేవారని కూడా నాయిన చెప్పాడు. ఉద్దేశం ఏదైనా, తెలుగు పల్లెల నుంచి ఈ నగరానికి వచ్చిన వేలమందికి ఎవరింటివాడివని అడగకుండా కూర్చోబెట్టిన మొదటి గది అదే అయి ఉంటుంది. ఆబిడ్స్‌లో కవులూ నాయకులూ చేరిన ఓరియంట్ హోటల్ గురించి ఎందరో రాశారు. ఆ హోటల్ లేదు, ఆ జ్ఞాపకాలు అచ్చులో మిగిలాయి. ఉస్మాన్‌గంజ్ హమాలీలు కూర్చున్న హోటళ్ల గురించి రాసినవారిని నేను చూడలేదు.

అందుకే ఆ హాళ్లు పోతే పోయేది రుచి మాత్రమే అంటే ఒప్పుకోలేను. ఇవాళ కూడా ఉదయం ఆరింటికి అడ్డా మీద పని దొరకని మేస్త్రీ, మందులు కొని బస్సుకు ఇంకా రెండు గంటలు ఉన్న రోగి, ఇంటర్వ్యూకి గంట ముందు వచ్చిన కుర్రవాడు ఈ నగరంలో ఉన్నారు. ఇరవై రూపాయలతో వారు ఎక్కడ కూర్చోవాలి? రెండు వందల రూపాయల కాఫీ దగ్గర కుర్చీ ఉంది, కానీ ఆ అద్దాల తలుపు తోయడానికి మా నాయిన లాంటి మనిషి చేయి ముందుకు రాదు.

పనివాళ్ల సంగతి కూడా ఉంది. హాలు ఉన్న హోటల్లో చాయ్ మాస్టర్, బట్టీ దగ్గర రొట్టెలు కాల్చేవాడు, బల్లలు తుడిచేవాళ్లు, సర్వర్లు అందరికీ పని ఉండేది. కౌంటర్‌కు ఇద్దరు చాలు. ఉస్మానియా బిస్కెట్లూ లుఖ్మీలూ (ఖీమా కూరిన పలకల్లాంటి సమోసాలు) ఇప్పుడు ఎక్కడో కార్ఖానాలో తయారై వ్యానులో వస్తాయి. అయితే ఆ పాత పని గొప్పదని కూడా చెప్పలేను. తక్కువ జీతం, పద్నాలుగు గంటలు, రాత్రి అవే బల్లలు జరిపి వాటి కిందే నిద్ర. మేము కూర్చున్న హోటల్లో గ్లాసులు కడిగే పిల్లవాడికి పన్నెండేళ్లు కూడా ఉండవు. మేము రోజూ చూశాం, ఒక్కరోజూ అడగలేదు. మాకు దొరికిన చౌక సమయానికి ఆ పిల్లవాడు కూడా ధర చెల్లించాడని ఇప్పుడు అర్థమవుతున్నది.

మా అమ్మాయి అడిగినది

ఇదంతా చెబుతుంటే ఇంజినీరింగ్ చదువుతున్న మా అమ్మాయి మధ్యలో ఆపింది. "నాన్నా, అందరూ కూర్చునే గది అంటున్నావు. అమ్మ ఎప్పుడైనా కూర్చుందా? నానమ్మ కూర్చుందా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ హోటళ్లలో కొన్నింటికి పరదా వేసిన ఫ్యామిలీ గది ఉండేది. అందులోకి మగవాడు వెంట ఉంటేనే ఆడవాళ్లు వెళ్లేవారు. ఒంటరిగా ఒక స్త్రీ లోపలికి వచ్చి చాయ్ తాగుతూ పత్రిక చదువుకోవడం ఆ నాలుగైదేళ్లలో నేను ఒక్కసారి కూడా చూడలేదు. మా నాయినకు దొరికిన సమానత్వం మగవాళ్ల మధ్య సమానత్వం. మా అమ్మాయి మాత్రం కాలేజీ దగ్గరి కాఫీ షాపులో స్నేహితురాళ్లతో, ఒక్కోసారి ఒంటరిగా, మూడు గంటలు కూర్చుని చదువుకుంటుంది. ఎవరూ తేరిపార చూడరు, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది. ఇరానీ హోటల్ పోయి ఆ షాపు రావడం ఆమెకు నష్టమని ఎలా అనగలను?

ఆ ప్రశ్న నా అభిప్రాయాన్ని కొంత మార్చింది. పాత హోటళ్లను ఉన్నవి ఉన్నట్టుగా కాపాడాలని ఇప్పుడు వాదించను. చారిత్రక కట్టడం అని ఫలకం తగిలించినా ఆ యజమాని చూపించిన లెక్క మారదు. చౌకగా కూర్చునే చోటు నగరానికి అవసరమని ఒప్పుకుంటే, దాని ఖర్చును ఒక చిన్న హోటల్ యజమాని తన అద్దెలోంచి భరించాలని ఎదురుచూడడం న్యాయం కాదు. 2014 నుంచి నగర పాలక సంస్థ జీహెచ్ఎంసీ ఐదు రూపాయల భోజనం పెడుతున్నది. ఆకలి నగరం బాధ్యత అని అప్పుడే ఒప్పుకున్నాం. అక్కడ కూడా చాలాచోట్ల జనం పళ్లెం పట్టుకుని నిలబడే తిన్నారు. మెట్రో స్టేషన్ల కింద, బస్‌స్టేషన్లలో, మునిసిపల్ కాంప్లెక్సుల్లో ఖాళీగా పడి ఉన్న గదులు నేను రోజూ చూస్తున్నాను. వాటిలో కొన్నింటిని అమ్మకాల్లో వాటా పద్ధతి మీద చాయ్ హోటళ్లకు ఇచ్చి, ఇన్ని కుర్చీలు ఉండాలి, చాయ్ తీసుకున్న మనిషిని గంటలోపు లేపకూడదు, పనివాళ్లకు కనీస వేతనం ఇవ్వాలి అని ఒప్పందంలో రాయవచ్చు. చాయ్ మాస్టర్లు ఇంకా ఉన్నారు. నాకు లెక్క చూపించిన యజమాని అలాంటి గది దొరికితే రేపే వస్తానన్నారు.

ఇది జరుగుతుందని పూర్తి నమ్మకం లేదు. వేలంలో ఎక్కువ పాడినవాడికే గది ఇవ్వడం అధికారులకు సులభం, ఆడిట్‌కు కూడా అదే సులభం. అయినా మా వార్డు కార్యాలయానికి ఒక అర్జీ రాసి పెట్టాను. పంపేముందు మా అమ్మాయి చదివి రెండు వాక్యాలు చేర్చింది: పరదా గది వద్దు, అందరికీ ఒకే హాలు ఉండాలి, తలుపుకు గడియా దీపమూ నీళ్లూ ఉన్న ఆడవాళ్ల మరుగుదొడ్డి కట్టాకే హోటల్ తెరవాలి. నాయినకు చదివి వినిపిస్తే, కుర్చీలకు వీపు ఉండాలని కూడా రాయమన్నాడు. రాశాను.